ప్లే డే నాటి ఆట

సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో ఆదివారానికి మరొక పేరు ఉన్నది. గని ఆఫీసులోని మస్టరు పుస్తకం మొదలు కార్మికుల ఇండ్లలో ఆడవారి మాటల వరకు ఆ రోజును అందరూ "ప్లే డే" అనే వ్యవహరిస్తారు. ఆ మాటకు ఆట రోజు అని అర్థం. కాని గని కార్మికుడు "ఈ వారం నాకు ప్లే డే పడ్డది" అని సంతోషంగా ఇంట్లో చెప్పినాడంటే, అతడు ఆడుకొనబోతున్నాడని ఎవరూ అనుకోరు. వారపు సెలవునాడు కూడ గనిలోకి దిగే అవకాశం దొరికినదనీ, ఆ పనికి రెండింతల వేతనం ముడుతుందనీ ఇంటివారు గ్రహిస్తారు. ఆట పేరు పెట్టుకొన్న రోజున పని దొరకటమే భాగ్యంగా భావించే ఆ ప్రాంతంలో, ఆ రోజున నిజంగానే ఆడినవారు కొందరున్నారు. వారితో కలిసి కొన్ని సంవత్సరాలు ఫుట్‌బాల్ ఆడే అవకాశం నాకు కలిగినది. వారి ఆటను గురించీ, దానికి వారు చెల్లించిన మూల్యాన్ని గురించీ, అదే మూల్యం మీద ప్రపంచంలో ఇతరచోట్ల నడిచిన తగవులను గురించీ ఈ ప్రసంగంలో మనవి చేయదలచినాను.

కాసిపేట అనగానే శ్రోతలలో చాలామందికి వరంగల్లు ప్రక్కనున్న కాజీపేట జంక్షను స్ఫురించవచ్చును. ఒక్క అక్షరపు తేడా కారణంగా మా ఇంటికి రావలసిన ఉత్తరాలు అక్కడికి పోయి, వారం తరువాత మరొక ముద్ర వేయించుకొని వచ్చిన సందర్భాలున్నవి. మా కాసిపేట మంచిర్యాల నుండి బెల్లంపల్లి పోయే మార్గంలో సోమగూడెం దగ్గర ప్రక్కకు తిరిగితే వచ్చే ఊరు. 2016 అక్టోబరులో మంచిర్యాల జిల్లా ఏర్పడే వరకు అది ఆదిలాబాదు జిల్లాలోనిది. చుట్టూ గోండు, కోలాము గూడెములు. కొంత దూరంలో దేవాపూరు సిమెంటు కర్మాగారము. ఊరి పేరుతోనే మందమర్రి ఏరియాకు చెందిన భూగర్భ గనులు. మావారు గనిని గని అనరు, "బాయి" అంటారు. నీళ్ల బావిలోకి దిగినట్లే బొగ్గు బావిలోకి దిగుతారు.

ఈ గనుల చరిత్ర కొంత చెప్పుకొనక తప్పదు. 1871 లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించినాడు. 1886 లో ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు దక్కన్ కంపెనీకి త్రవ్వకపు హక్కులు దక్కినవి. 1920 లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారినది. కాజీపేట నుండి బల్హార్షా వరకు రైలుమార్గం 1929 నాటికి పూర్తి కావటంతో గోదావరి కావలి ఒడ్డున ఉన్న బెల్లంపల్లి ప్రాంతపు బొగ్గుకు దారి ఏర్పడినది. 1945 లో నిజాం ప్రభుత్వం కంపెనీలో ఆధిక్యం వహించినది. ఆ వాటా క్రమంగా హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు సంక్రమించినది. ఇంగ్లండు గని కార్మికుల మాండలికంలో గని "ఆడుతున్నది" అంటే ఆనాడు పని నిలిచిపోయినదని అర్థం. సింగరేణిని మొదట నడిపినది ఆ దేశపు కంపెనీయే కాబట్టి, "ప్లే డే" అనే మాట ఆ దొరల వెంట వచ్చి ఇక్కడ స్థిరపడినదని ఊహించుట అసంగతం కాదు.

మాటతోపాటు ఆట కూడ ఆ దారినే వచ్చినది. వచ్చేటప్పుడు తనతో ఒక వివాదాన్ని తెచ్చుకొన్నది. ఆ వివాదం పేరు అమెచ్యూరు.

తెలుగులో దీనిని ఔత్సాహికుడు అంటున్నాము. ఉత్సాహమున్నవాడు, ప్రతిఫలం కోరనివాడు అని మన అభిప్రాయం. కాని పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఈ మాటను కట్టినవారు ఆస్తిపరులు. వారికి శనివారం, సోమవారం ఒక్కటే. బొగ్గు గనిలోను, నూలు మిల్లులోను పనిచేసేవాడు ఆటకు పోవాలంటే అర్ధదినపు కూలిని వదలుకోవాలి. దూరపు ఊరికి పోవాలంటే పూర్తి దినపు కూలి పోతుంది. పోయిన కూలిని క్లబ్బు పూడిస్తే అతడు అమెచ్యూరు కాకుండా పోతాడా అనేది ప్రశ్న. ఫుట్‌బాల్ సంఘము కొన్నాళ్లు పెనుగులాడి 1885 లో వేతనానికి ఆడుటను అంగీకరించినది. రగ్బీ పెద్దలు అంగీకరించలేదు. ఉత్తరాది క్లబ్బులు కోరినది జీతం కూడ కాదు. పనిరోజు పోగొట్టుకొన్న ఆటగానికి రోజుకు ఆరు షిల్లింగులకు మించకుండ పరిహారం మాత్రమే. దానికి కూడ లండను పెద్దలు ఒప్పుకొననందున 1895 ఆగస్టు 29 న హడర్స్‌ఫీల్డు పట్టణంలో ఒక హోటలులో సమావేశమై ఇరవైకి పైగా క్లబ్బులు వేరుపడినవి. నేటి రగ్బీ లీగు అనే వేరొక ఆట ఆ ఆరు షిల్లింగుల నుండి పుట్టినది.

జర్మనీలో ఇదే తగవు మరింత విషాదంగా పరిణమించినది. గెల్సెన్‌కిర్‌ఖెన్ పట్టణంలో గని కుర్రవాళ్లు 1904 లో ప్రారంభించిన షాల్కె క్లబ్బును ఈనాటికీ అభిమానులు "గనివారు" అనే పిలుస్తారు. 1930 లో ఆ క్లబ్బు ఆటగాండ్రకు నియమితమైన భత్యం కంటె హెచ్చు ఇచ్చినదని తేల్చి సంఘంవారు జట్టును మొత్తంగా బహిష్కరించినారు. క్లబ్బు కోశాధికారి అవమానభారంతో నీటిలో పడి ప్రాణం తీసికొన్నాడు. మరుసటి సంవత్సరం నిషేధం తొలగి జట్టు మైదానానికి తిరిగి వచ్చిననాడు డెబ్బైవేల మంది వచ్చినారట. కోశాధికారి ఇంటిలో ఆనాడు ఏమి జరిగినదో చరిత్ర చెప్పదు.

ఇంగ్లండులోని డర్హం జిల్లాలో వెస్ట్ ఆక్లండ్ అనే బొగ్గు గ్రామం ఉన్నది. అక్కడి క్లబ్బు పూర్తిగా అమెచ్యూరు క్లబ్బు. ఆటగాండ్రలో హెచ్చుమంది గని కార్మికులు. టీ వర్తకుడు సర్ తామస్ లిప్టన్ ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక అంతర్జాతీయ పోటీని ఏర్పాటు చేసి వెండికప్పు ఇచ్చినాడు. 1909 లో ఆ గ్రామస్థులు ఖర్చులు తామే పెట్టుకొని, పనిదినాలు పోగొట్టుకొని అక్కడికి పోయి ఆ కప్పు గెలిచినారు. 1911 లో మళ్లీ పోయి, ఫైనలులో జువెంటస్ జట్టును ఒకటికి ఆరు గోళ్లతో ఓడించినారు. అంత పెద్ద దేశంనుండి ఈ చిన్న ఊరు ఎట్లా పోయినదనేదానికి ఒక కథ ఉన్నది: క్లబ్బు పేరులోని పొడి అక్షరాలు చూచి ఊలిచ్ ఆర్సెనల్ అనుకొని పిలిచినారట. కథ అందంగా ఉన్నది కాని నమ్మదగినదిగా లేదు. నమ్మదగిన విషయం మరొకటి ఉన్నది. రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచి ఇంటికి వచ్చేసరికి క్లబ్బు అప్పులపాలైనది. కప్పును ఊళ్లోని హోటలు యజమానురాలి దగ్గర నలభై పౌన్లకు కుదువ పెట్టినారు. 1960 లో నూరు పౌన్లు కట్టి విడిపించుకొన్నారు. 1994 లో అది దొంగల పాలైనది. ఇప్పుడున్నది దాని నకలు.

హైదరాబాదు సంస్థానంలో ఈ సమస్యకు వేరొక పరిష్కారం దొరికినది. ఆటగానికి ఆడినందుకు డబ్బు ఇవ్వరు, ఉద్యోగం ఇస్తారు. హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆ పద్ధతికి పరాకాష్ఠ. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టు మరెవరికీ దక్కనీయలేదు. జీతం కానిస్టేబులుకు, ఆట వేడుకకు అన్నమాట. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. కమర్ క్లబ్బులో ఆడినవాడు. 1943 మొదలు మరణించే వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కుర్రవాళ్లు బంతిని కాలికి అంటిపెట్టుకొని తిరగకుండ, అందినదే తడవుగా మరొకనికి అందించుట అలవడవలెనని డ్రిబ్లింగు నిషేధించి పోటీలు నడిపినాడాయన. ఆ చిన్న పోటీల నుండి, ఆ పేటల క్లబ్బుల నుండి వచ్చినవారే తరువాత దేశానికి ఆడినారు.

పీటర్ తంగరాజు సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే చిన్న క్లబ్బులలో ఆడి 1953 లో సైన్యంలో చేరి, అటుపిమ్మట ఆసియాలోనే మేటి గోలీ అనిపించుకొన్నాడు. తులసీదాస్ బలరాం సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పేద ఇంట పుట్టినవాడు. రాష్ట్ర జట్టు ఎంపికకు రమ్మని రహీం పిలిస్తే, రోజూ నగరానికి వచ్చిపోవటానికి తన దగ్గర డబ్బు లేదని ఆ కుర్రవాడు చెప్పినాడు. సైకిలు అద్దెకు రహీం తన చేతినుండి డబ్బు ఇచ్చినాడు. ఆ సైకిలు అద్దె అమెచ్యూరు నియమానికి భంగమా కాదా అని ఎవరూ విచారించలేదు. విచారించి ఉంటే దేశం నష్టపోయేది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోళ్లతో ఓడించి సెమీ ఫైనలు చేరినది. ఆ బృందంలో బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ మొదలైన హైదరాబాదు వారుండినారు, శిక్షకుడు రహీం. 1962 సెప్టెంబరు 4 న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టుకు కూడ ఆయనే శిక్షకుడు. అప్పటికే క్యాన్సరు ఆయనను తినివేస్తున్నది. 1963 జూన్ 11 న కన్నుమూసినాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం, అదే సంవత్సరం ఆగస్టులో మహమ్మద్ హబీబ్ గతించటంతో ఆ తరం దాదాపు ముగిసినది.

బొగ్గు ప్రాంతంలో మాకు ఈ పేర్లు పురాణ పురుషుల పేర్లవలె వినవచ్చేవి. కలకత్తా పోయి ఆడిన హబీబును తాను చూచినానని చెప్పే మనిషి ఒకడు మా కాలనీలో ఉండేవాడు. ఎప్పుడు చూచినావంటే ప్రతిసారి వేరే సంవత్సరం చెప్పేవాడు.

మా క్లబ్బు సంగతి చెప్పవలసి ఉన్నది. 1990 దశకం రెండవ సగంలో నేను అందులో కుడి వింగు ఆడినాను. సింగరేణిలో క్రీడలకు కంపెనీ ఏర్పాట్లు లేకపోలేదు. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ అనే సంస్థ గనుల మధ్య, ఏరియాల మధ్య పోటీలు నడిపి, గెలిచినవారిని ఇతర బొగ్గు కంపెనీల పోటీలకు పంపుతుంది. బెల్లంపల్లిలో తిలక్ స్టేడియం, గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం ఈ ప్రాంతపు ఆటస్థలాలు. కాని కంపెనీ పోటీలలో ఆడవలెనంటే కంపెనీ మస్టరులో పేరుండవలెను. మా క్లబ్బులో కార్మికులు ఏడెనిమిది మంది. మిగిలినవారు నావంటి విద్యార్థులు, దుకాణాలలో పనిచేసే కుర్రవాళ్లు, ప్రక్క గూడెంనుండి వచ్చే గోండు యువకుడొకడు. గాలికంటె వేగంగా పరుగెత్తే అతనికి ఆఫ్‌సైడు నియమం మాత్రం ఎన్నడూ అంగీకారం కాలేదు. ముందుకు పోయినవాడిని తప్పుపట్టే ఆట ఏమి ఆట అని అతని వాదం. అందుచేత మాది ఏ సంస్థకూ చెందని క్లబ్బు. రిజిస్ట్రేషను లేదు. పేరు జెర్సీల వీపున రంగుతో వ్రాసికొన్నాము. రెండు ఉతుకులకు అది పోయినది.

మైదానం కాలనీ చివర ఉండేది. గడ్డి మొలిచేది వానకాలపు నెలలలోనే. మిగిలిన కాలంలో ఎర్రమట్టి. దానిపై గాలికి వచ్చి పడిన బొగ్గు నలుసు. మోకాలు గీరుకొని రక్తం వస్తే గాయంలో ఆ నలుసు ఉండిపోయి మచ్చ నీలంగా మారేది. గని లోపల దెబ్బ తగిలినవారి ఒంటి మీద కూడ అటువంటి నీలపు మచ్చలే ఉంటవి. ఎవరి మచ్చ ఆటలోది, ఎవరిది పనిలోది అని తెలియటానికి చోటు చూడవలసినదే. గని బూట్లు బరువు, వాటితో ఆడరాదు. కాన్వాసు జోళ్లు కొద్దిమందికి ఉండేవి. మిగిలినవారు ఉత్త పాదాలతోనే. 1948 లండను ఒలింపిక్సులో మన జాతీయ జట్టులో హెచ్చుమంది ఉత్త పాదాలతో ఆడి ఫ్రాన్సుతో 1–2 గోళ్ల తేడాతో మాత్రమే ఓడినారనీ, 1952 లో హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో పది గోళ్లు తిన్న తరువాతనే బూట్లు తప్పనిసరి చేసినారనీ నేను పుస్తకంలో చదివి చెప్పితే, మా వాళ్లకు కలిగిన గర్వం ఇంతంత కాదు. హెల్సింకి మాట వారు వినిపించుకొనలేదు.

మా గోలీ గనిలో పంపు ఖలాసీ. వయసు నలభైకి దగ్గర. మేమందరమూ "కాక" అనేవాళ్లము. భూగర్భ గనిలో బొగ్గు త్రవ్వుట ఆగవచ్చును. ఊట నీరు ఆగదు. పంపులు ఆపితే సోమవారం దిగేసరికి పని జాగాలు మునిగిపోతవి. అందుచేత కాకకు ప్లే డే పని తరచు పడేది. "నీళ్లకు ఆదివారం ఉంటదా బిడ్డా" అనేవాడు. కాకకు ముగ్గురు ఆడపిల్లలు. నెలలో పడే రెండు మూడు ప్లే డేల డబ్బు ఆ ఇంట్లో దేనికి ముందే చెప్పుకొని ఉంటుందో వివరించనక్కరలేదు. మా ఆటలు కూడ ఆదివారమే. ఇతర దినాలలో మూడు షిఫ్టులుగా విడిపోయి ఉండే మనుషులు పదకొండుగురు ఒక్కచోట చేరే రోజు మరొకటి లేదు. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు అని హద్దు గీసినది. ఆ గీతకు ఇవతల మిగిలిన కాస్త కాలంలో మా ఆట నడిచేది.

ఎడమ హాఫు ఆడే అన్న పరిస్థితి మరొక విధమైనది. అతడు బదిలీ ఫిల్లరు. తట్టా చెమ్మసుతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. అదైనా రోజూ దొరకదు, ఎవరైనా నాగా పెడితేనే దొరుకుతుంది. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే పర్మనెంటు అయ్యే మార్గం. పొరుగూరి పోటీ పనిరోజున వచ్చిననాడు అతడు తన లెక్కలో ఒక మస్టరును వదలుకొని వచ్చేవాడు. మోకాలికి దెబ్బ తగిలితే వారం రోజుల మస్టర్లు పోతవి. అయినా బంతికి అడ్డంపడుటలో అతనికంటె తెగువగలవాడిని నేను చూడలేదు.

మా క్లబ్బుకు చందా పుస్తకం ఒకటి ఉండేది. లాంపు రూములో పనిచేసే మా కెప్టెను దానిని ఆఫీసు పద్ధతిలో గీతలు గీసి నడిపేవాడు. పేరు, చందా, బాకీ అనే గడుల తరువాత చివరి గడిలో "ప్లే" అని వ్రాసి, ఏ ఆటకు ఎవరు ప్లే డే పనిని వదలుకొని వచ్చినారో చిన్న అడ్డగీత పెట్టేవాడు. ఎందుకు పెట్టేవాడో మాకు చెప్పలేదు. చరిత్ర చదివినవానిగా ఇప్పుడు నాకు ఆ గడి విలువ తెలుస్తున్నది. గెలుపు ఓటముల లెక్క ఆ పుస్తకంలో సరిగా లేదు; ఈ లెక్క మాత్రం తప్పకుండ ఉన్నది. విద్యార్థులమైన మా పేర్ల ఎదుట ఆ గడి చివరి వరకు ఖాళీయే. కాక పేరు ఎదుట ఒక్క సంవత్సరంలో తొమ్మిది గీతలు.

దసరా ముందు బెల్లంపల్లి జట్టుతో ఒక ఆట కుదిరిన సందర్భంలో కెప్టెను ఒక ప్రస్తావన చేసినాడు. చందా డబ్బులోనుండి కాకకు ప్లే డే కూలిలో సగమైనా ఇవ్వవలెనని. మైదానంలోనే గుండ్రంగా కూర్చొని అరగంట వాదించుకొన్నాము. సాయంకాలం వేళ పదిమంది యువకులు ఒకచోట గుమిగూడితే మీరెవరని అడిగే రోజులవి. ఒకటి రెండుసార్లు అడిగినారు కూడ. దుకాణంలో పనిచేసే కుర్రవాడొకడు లేచి, "పైసలు తీసుకొని ఆడితె అది కూలి అయితది గని ఆట ఎట్లయితదన్నా? రేపు నేను సుత దుకాణం బందు పెట్టి వస్తున్న, నాకెవలిస్తరు?" అన్నాడు. ఇది లండను పెద్దల మాట. కెప్టెను, "నీకు దుకాణంల సగం రోజు పోతది, ఆయనకు రెండు రోజుల పైస పోతది. పోయింది పూడిస్తె కూలి ఎట్లయితది?" అన్నాడు. ఇది హడర్స్‌ఫీల్డు మాట. 1895 నాటి ఆ సమావేశం సంగతి అక్కడున్నవారిలో ఎవరికీ తెలియదు. నాకును అప్పటికి తెలియదు. నూరు సంవత్సరాల తరువాత, వేల మైళ్ల దూరంలో, ఒక బొగ్గు ఊరిలో, అవే రెండు వాదాలు అదే క్రమంలో వచ్చినవి. గని పనీ సెలవు రోజూ ఒకేవిధంగా ఉన్నచోట తగవులూ ఒకేవిధంగా పుడతవి కాబోలు.

కాక అంతవరకు మాట్లాడలేదు. చివరకు, "నేను అడిగిన్నా? నాకు పైసలద్దు. ఆట పొద్దుగాల కాకుండ మాపటికి పెట్టుండ్రి. పంపు చూసుకొని మూడింటికి పైకొస్త. సీదా అక్కడికే వస్త" అన్నాడు.

బెల్లంపల్లివారు మొదట ఒప్పుకొనలేదు. సాయంకాలమైతే వారి ఫార్వర్డుకు రెండవ షిఫ్టు. ఆ మనిషి కూడ మావంటివాడే కదా. కెప్టెను సైకిలు మీద రెండుసార్లు పోయి మాట్లాడి వచ్చినాడు. వారి ఫార్వర్డు మరొకనితో షిఫ్టు మార్చుకొన్నాడు. మార్చుకొన్నవాడు ఎవరో, దానికి బదులు ఏమి అడిగినాడో మాకు తెలియదు. ఆట నాలుగున్నరకు మొదలైనది. కాక గనినుండి స్నానం చేయకుండ, ముఖాన బొగ్గుతో, కండ్ల చుట్టు మాత్రం తెల్లగా ఉండగా ఆటోలో వచ్చి దిగినాడు. ఎనిమిది గంటలు లోపల నిలబడి వచ్చిన మనిషి. రెండు గోళ్లు తిన్నాడు, అయిదు ఆపినాడు. మేము ఒక్కటే వేసినాము. ఓడినాము. తిరిగివచ్చేటప్పుడు ఆటోలో నిద్రపోయినాడు. ఆ పుస్తకంలో ఆనాటి తేదీ ఎదుట కాక పేరు ప్రక్క గడి ఖాళీగా ఉన్నది; ఆ ఒక్కనాడు ఆయన ప్లే డే పోలేదు.

అమెచ్యూరు అనే మాటకు నిఘంటువులు చెప్పే అర్థంలో చూస్తే మా క్లబ్బులో అందరమూ అమెచ్యూరులమే. నా అభిప్రాయంలో మాత్రం విద్యార్థులమైన మేము ఆడినది ఖర్చులేని వినోదం. ఔత్సాహికులు అనే మాట ఆ ఏడెనిమిది మందికే చెల్లుతుంది.

తరువాత కాలంలో గనులలో వచ్చిన మార్పులు ఆట మీద పడినవి. క్రికెట్టు వచ్చి ఫుట్‌బాలును చంపినదని పెద్దలు తరచు అంటారు. అందులో కొంత నిజముండవచ్చును; పూర్తి నిజం అనుకొనను. రామగుండంలో 1975 లో ఓపెన్‌కాస్టు పద్ధతి మొదలైనది. భూగర్భంలో వేలమంది ఎత్తే బొగ్గును పైన యంత్రాలు కొద్దిమందితో ఎత్తివేస్తవి. భూగర్భంలో సైతము యంత్రాలు వచ్చి తట్టా చెమ్మసు పోయినవి. అది మంచికే; ఆ పని చేసినవారెవరూ దానికోసం కన్నీరు పెట్టరు. 1990 ప్రాంతంలో లక్ష దాటి ఉండిన సింగరేణి కార్మికుల సంఖ్య 2024 నాటికి నలభైవేల దరిదాపులకు వచ్చినది. స్వచ్ఛంద విరమణలు, కొత్త నియామకాల నిలుపుదల, పాత గనుల మూత వరుసగా జరిగినవి. క్వార్టర్లు ఖాళీ అయినవి. టెన్నిసు బంతి క్రికెట్టుకు అయిదుగురున్నా చాలును, ఒక గోడ ఉన్నా చాలును. ఫుట్‌బాలుకు ఇరువైరెండుగురు ఒకే గంటలో తీరికగా ఉండవలెను. ఒకే సైరనుకు దిగి ఒకే సైరనుకు పైకి వచ్చే మనుషులు వందలలో ఉన్నప్పుడు అది సాధ్యం. ఆ సైరను క్రింద మనుషులు తగ్గినకొద్దీ పదకొండు నిండటం కష్టమైనది. మా క్లబ్బు చివరి రెండు సంవత్సరాలలో తొమ్మిదిమందితో ఆడిన ఆటలున్నవి. ఖర్చు తగ్గించుకొనటానికి కంపెనీ ప్లే డేలను కోసినప్పుడల్లా కార్మికులు ఆందోళన చేసినారు. ఆటకు తీరిక దొరికినదని సంతోషించినవారు ఎవరూ లేరు. అప్పటికి ఆడేవారు మిగలలేదు.

వెస్ట్ ఆక్లండ్ గ్రామంలో బొగ్గు గనులు ఏనాడో మూతపడినవి. గ్రామమధ్యంలోని పచ్చికపై 2013 లో ఒక కంచు విగ్రహాన్ని నిలిపినారు. క్లబ్బు ఈనాటికీ ఆడుతున్నది.

మా ఎడమ హాఫు అన్న పర్మనెంటు అయినాడు. ఇప్పుడు శ్రీరాంపూరు వైపు పనిచేస్తున్నాడు. గోండు మిత్రుడు వ్యవసాయం చూచుకొంటున్నాడు. కాక పదవీ విరమణ చేసి కూతురి దగ్గర ఉంటున్నాడు. చెవి సరిగా వినిపించదు. పంపుల హోరులో అన్ని సంవత్సరాలు పనిచేసినవారికి అది సాధారణమే. కెప్టెను క్వార్టరు ఖాళీ చేసి పోయేటప్పుడు చందా పుస్తకం నాకు ఇచ్చినాడు. చివరి పుట 2001 జనవరిది. ఆ పుటలో ఏడు పేర్లున్నవి. చందా గడిలో నాలుగు చోట్ల బాకీ అని ఉన్నది. అడుగున కెప్టెను దస్తూరీలో ఇట్లా ఉన్నది: నిల్వ 37 రూపాయలు, బ్లాడర్లు రెండు, గాలి పంపు ఒకటి, కాక దగ్గర చేతి తొడుగులు ఒక జత.